అడిగిన చోట పడ్డ వాన

ఆ ఏడాది రేడియో రోజూ ఒకటే మాట చెప్పేది: తెలంగాణలో ఒకటి రెండు చోట్ల జల్లులు పడవచ్చు. ఆ ఒకటి రెండు చోట్లు ఎక్కడున్నాయో ఇప్పలగూడెంలో ఎవరికీ అంతుబట్టలేదు. మిర్గం కార్తె రాకముందే ఒక పెద్ద వాన పడి ఊరందరికీ ఆశపెట్టింది. సంబరపడి ఆముదాలు పెట్టారు. ఆ తర్వాత మబ్బు మొహం చాటేసింది, గింజ భూమిలోనే మాడిపోయింది. పెద్ద పుష్యాల కార్తెలో మళ్ళీ కాస్త తడి అయితే, తిండికి దాచుకున్న జొన్నలు అమ్మేసి మళ్ళీ విత్తనం తెచ్చి పెట్టారు. మొలక వచ్చింది. వచ్చి, నాలుగు ఆకులు వేసి, తల వేలాడేసింది. ఒకప్పుడు కార్తెను చూసి విత్తనం పెట్టేవారు. ఇప్పుడు కార్తెలు గోడ మీది క్యాలెండర్లో తప్పకుండా వస్తున్నాయి, వానే వాటి వెంట రావడం మానేసింది.

ఆ వాడిపోయిన మొలకను రోజూ చూడలేక మల్లవ్వ ఆలేరులో బస్సెక్కి ఉప్పల్‌లో దిగి, నాచారంలో కొడుకు బిక్షపతి ఉండే రేకుల గదికి వచ్చేసింది. వాన పడగానే వెళ్ళిపోతానంది. అప్పటిదాకా పొద్దున్నే లేచి గడపలో కూర్చుని ఆకాశం వైపు చూడటమే ఆమె పని.

బిక్షపతి నూలు మిల్లులో పనిచేస్తాడు. చేస్తాడంటే, కరెంటు ఉన్నరోజు చేస్తాడు. డ్యాముల్లో నీళ్ళు లేవని సర్కారు ఫ్యాక్టరీలకు కరెంటు కోత పెట్టింది. మిల్లు వారంలో సగం రోజులు మూతే. వాన ఊళ్ళోనే పడలేదు కదా అని పట్నానికి పారిపోయి వస్తే, ఆ పడని వానే వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ కూడా పొట్ట మీద కొట్టింది. అందుకే ఆయన భార్య శ్యామలమ్మ పనికి పోతోంది. ఎక్కడికో మాత్రం అత్తకు తెలియదు.

తెలియకూడదనే బిక్షపతి ముందే గట్టిగా చెప్పాడు. "అవ్వకు జెప్పకు. బిస్కెట్ల కంపెనీల ప్యాకింగు జేస్తున్న అను."

శ్యామలమ్మ చేసే పని ఉప్పల్ రోడ్డు అవతలి కాలనీలో రత్నకుమారి గారింట్లో అంట్లు తోమడం, ఇల్లు ఊడ్చి తుడవడం. రత్నకుమారి భర్త గంగాధరరావు పెద్ద పరిశోధనా సంస్థలో సైంటిస్టు. వాళ్ళది గుంటూరు వైపు. మంచి మనుషులే, పనికి పోగానే కాఫీ ఇస్తారు. కానీ సొంత భూమి మీద ఎవుసం చేసుకునే ఇంటి కోడలు ఇంకొకరి ఎంగిలి గిన్నెలు తోమిందంటే ఇప్పలగూడెంలో ఆ ఇంటి పరువు గంగలో కలిసినట్టే. మట్టి మోయొచ్చు, రాళ్ళు కొట్టొచ్చు, అది కష్టం కింద లెక్క. ఎంగిలి ముట్టుకోవడం కష్టం కింద రాదు. అలా నేర్పింది మల్లవ్వే. కోడలిగా వచ్చిన కొత్తలో పక్కింటి వాళ్ళ పెళ్ళిలో విస్తళ్ళు తీయబోతే చెయ్యి పట్టుకుని లాగింది.

ఇప్పుడు ఆ కోడలు రోజూ పొద్దున ఖాళీ టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని కంపెనీకి పోతున్నట్టు బయలుదేరేది. మల్లవ్వ బస్తీలో కనిపించిన ప్రతి మనిషికీ చెప్పుకునేది, "మా కోడలు కుర్చీల కూసోని జేస్తది పని, పంకా కింద" అని. విన్నవాళ్ళు తల ఊపేవారు. సగం మంది ఆడవాళ్ళు ఆ కాలనీలోనే శ్యామలమ్మ పక్క ఇళ్ళలో అంట్లు తోముతున్నారు. ఎవరి గుట్టు వాళ్ళది కాబట్టి ఒకరి గుట్టు ఇంకొకరు విప్పరు.

ఒకనాడు సాయంత్రం మల్లవ్వ ఉన్నట్టుండి అంది. "ఈయేడు ఊర్లె కప్పతల్లి ఆడలే."

"ఎందుకాడలే అత్తా?" అంది శ్యామలమ్మ.

"ఎవలున్నరే ఆడనీకి? ఇల్లిల్లు తిరుగాలంటె ఇండ్లల్ల మనుషులుండాలె గద. తలుపులకు తాళాలున్నయి. తాళం బయటికొచ్చి పోస్తదా నీళ్ళు?"

కప్పతల్లి అంటే వాన కోసం ఆడే ఆట. వేపమండలతో పాటు ఒక కప్పను తడిబట్టలో రోకలి నడుమ కట్టి, ఇద్దరు ఆడవాళ్ళు భుజాన మోస్తారు. మిగతావాళ్ళు పాటలు పాడుతూ వెంట నడుస్తారు. ప్రతి గడప ముందూ ఆగితే ఆ ఇంటి ఇల్లాలు బయటికి వచ్చి చెంబుతో కప్ప మీద నీళ్ళు పోస్తుంది, పిడికెడు బియ్యం వేస్తుంది. ఆ బియ్యం అందరూ కలిసి వండుకు తింటారు. అది బిచ్చం కాదు, ఊరి వంతు. అసలు సంగతి నీళ్ళది. కప్ప తడిస్తే భూమి తడుస్తుందని నమ్మకం. ఇంట్లో కడివెడు నీళ్ళే ఉన్నా ఆ రోజు ఒక చెంబు కప్పతల్లికి తీయని ఇల్లాలు ఇప్పలగూడెంలో లేదు.

"ఊరంతా వొచ్చి ఈడనే ఉన్నది" అంది మల్లవ్వ. "సూడు, దుర్గమ్మ ఈడనే, ఎల్లవ్వ ఈడనే, వడ్లోళ్ళు ఈడనే. ఊరున్న కాడనే ఆడుదాం. ఇంకో వారంల పడకపోతె గా మొలక గూడ పోతది. అది బోయిందంటె ఇగ ఎడ్లను అమ్ముడే. ఎడ్లు బోయినంక ఎవుసమేడిది?"

"బస్తీలనే గదా అత్తా ఆడేది?" అని శ్యామలమ్మ అడిగింది.

"ఆఁ, బస్తీలనే" అంది మల్లవ్వ. శ్యామలమ్మ ఊపిరి పీల్చుకుంది.

మరునాడు దుర్గమ్మ ఊరినుంచి తెచ్చుకున్న రోకలి తీసింది. నాచారం చెరువు గట్టున ఎవరో కప్పను పట్టుకొచ్చారు. శ్యామలమ్మ టిఫిను డబ్బా పట్టుకుని బయలుదేరేసరికి బస్తీలో పాట మొదలైంది. పంపు దగ్గర పట్టుకున్న నీళ్ళలోంచే తలా ఒక చెంబు తీసి పోశారు. చూస్తుంటే సొంత ఊళ్ళో ఉన్నట్టే అనిపించింది శ్యామలమ్మకు. ఆగి తనూ పాడాలనిపించింది కానీ పొద్దెక్కుతోందని వెళ్ళిపోయింది.

బస్తీలో ఆట పొద్దున్నే అయిపోయింది. మల్లవ్వకు అది చాలలేదు. మనవాళ్ళ మీద మనవాళ్ళు నీళ్ళు పోసుకుంటే ఏం లాభం, నిండుగా బతికే కాలనీ ఇళ్ళ ముందుకు పోవాలంది. దుర్గమ్మ వద్దు వద్దంటూనే రోకలి రెండో కొస భుజానికెత్తుకుంది. పెద్దమనిషి మాట కాదనలేకపోయింది, ఆ కాలనీలో ఎవరెవరు ఏం పని చేస్తున్నారో నోరు తెరిచి చెప్పనూలేకపోయింది. అందరూ రోడ్డు దాటారు.

రత్నకుమారి గారి పెరట్లో శ్యామలమ్మ అంట్ల ముందు కూర్చుని ఉంది. చేతులు మోచేతుల దాకా బూడిద. పాట వినిపించింది. ముందు ఏ సినిమా పాటో అనుకుంది. తర్వాత దుర్గమ్మ గొంతు గుర్తుపట్టింది. దాని వెనకే జీరగా, పెద్దగా ఇంకో గొంతు. అది అత్తదే.

"ఎవరో ముష్టివాళ్ళు" అంది రత్నకుమారి కిటికీలోంచి చూసి. "అయ్యో, కప్పను కట్టుకొచ్చారు పాపం. శ్యామలా, కాసిని బియ్యం వేసి పంపించు."

"అమ్మా, జర మీరే ఎయ్యుండ్రి. నా చేతులు..."

"నా చెయ్యి పిండిలో ఉంది. కడుక్కుని వెళ్ళు, ఎంతసేపు? నీళ్ళేవో అడుగుతున్నారు, నీళ్ళు మాత్రం పొయ్యకు. డ్రమ్ములో అడుగున ఉన్నాయి, ఇవాళ నల్లా రాదు."

శ్యామలమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. బియ్యం పళ్ళెం పట్టుకుని గేటు దాకా నడిచింది. ఆ కాస్త దూరం నడుస్తుంటే భూమి విచ్చుకుని తనను మింగేస్తే బాగుండనిపించింది.

గేటు అవతల మల్లవ్వ రోకలి మోస్తూ నిలబడి ఉంది. ఎండకు మొహం నల్లబడింది. కొంగు నిండా బియ్యం ఉన్నాయి. వెనక ఒకామె చేతిలో ఎవరో ఇచ్చిన చల్లారిన అన్నం, ఇంకొకామె భుజాన ఎవరో ఇచ్చిన పాత చొక్కా. బస్తీలో పోసిన నీళ్ళు ఎప్పుడో ఆరిపోయి కప్ప చుట్టూ ఉన్న బట్ట పెళపెళలాడుతోంది. కాలనీలో ఏ ఇల్లూ ఒట్టి చేతులతో పంపలేదు. అలాగని ఏ ఇల్లూ ఒక చెంబు నీళ్ళు పొయ్యనూలేదు.

"బియ్యం సాలు తల్లీ" అంటోంది మల్లవ్వ, అన్ని గేట్ల ముందూ అన్నట్టే. "ఒక్క చెంబెడు నీళ్ళు పొయ్యి, నీకు పున్నెముంటది." అప్పుడు మనిషిని చూసింది. మొహం చూసింది, గాజులు చూసింది, మోచేతి దగ్గర కడగగా మిగిలిన బూడిద చూసింది. ఆమె నోరు సగంలో ఆగిపోయింది. రోకలి రెండో కొస మోస్తున్న దుర్గమ్మ నేల చూపులు చూసింది.

"ఏంటి శ్యామలా, తెలిసినవాళ్ళా?" అని లోపలినుంచి రత్నకుమారి అడిగింది. పేరు కూడా పెట్టి పిలిచింది, ఇక సందేహానికి చోటు లేదు.

"తెల్వదమ్మా" అంది శ్యామలమ్మ. "ఎవలో పల్లెటోళ్ళు."

అనేసింది. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. ఏ అత్తను చూసి దాక్కోవాలనుకుందో ఆ అత్త చాపిన కొంగులోనే పళ్ళెం వంచింది. గేటు పక్కనే బక్కెట్లో వాకిట్లో చల్లడానికి తీసిన నీళ్ళు ఉన్నాయి, అందులో చెంబు కూడా ఉంది. ఒక్క చెంబు పోస్తే రత్నకుమారి ఉరి వెయ్యదు, మహా అయితే ఒక మాట అంటుంది. అది కాదు శ్యామలమ్మ భయం. నీళ్ళు పోస్తే ఆ ఆట తెలిసినదాన్నని, ఆ ఊరిదాన్నేనని బయటపడిపోతుంది. చెయ్యి చెంబు వైపు పోలేదు.

మల్లవ్వ చెంబు వైపు ఒకసారి చూసింది. తర్వాత ముక్కూమొహం తెలియని ఇల్లాలిని దీవించినట్టు, "సల్లగుండు తల్లీ. నీ అత్తమామలు సల్లగుండాలె" అని వెనక్కి తిరిగింది. పాట మళ్ళీ మొదలైంది కానీ ఆ గొంతు అందులో వినిపించలేదు.

ఆ దీవెన తనను పొడవడానికి అన్నదో కాపాడటానికి అన్నదో శ్యామలమ్మకు తేలలేదు. ఆ సాయంత్రం దుర్గమ్మ వాకిట్లో బియ్యం వండి అందరికీ పెట్టారు. తలనొప్పి అని తప్పించుకోబోతే మల్లవ్వే విస్తరి తెచ్చి ముందు పెట్టింది. తిడితే ఏడ్చి కాళ్ళు పట్టుకునేది. తిట్టని మనిషి కాళ్ళు ఎలా పట్టుకోవాలో తెలియలేదు. అన్నం నీళ్ళతో మింగింది.

అన్ని గేట్ల ముందూ నీళ్ళ కోసం ప్రాధేయపడ్డాక ఆ వారంలోనే వాన వచ్చింది. మధ్యాహ్నం వేళ మల్లాపూర్ వైపు మబ్బు కమ్మి, చూస్తుండగానే కుండపోతగా కురిసింది. మల్లవ్వ వాకిట్లోకి పరుగెత్తి చేతులు చాచి నిలబడింది. తడిసి ముద్దవుతూ నవ్వింది, ఏడ్చింది. "పడ్డదే! పడ్డదే! కప్పతల్లి ఇన్నదే!" అని బస్తీ అంతా వినేలా అరిచింది.

ఆ సంబరం కాసేపే. మోరీలు నిండి నాలా పొంగింది. ఫ్యాక్టరీల మందునీళ్ళు మడ్డి వాసనతో గదుల్లోకి వచ్చాయి. బియ్యం డబ్బా తేలింది, పరుపు మునిగింది. అందరూ పళ్ళాలతో నీళ్ళు ఎత్తి పారబోశారు. మోకాళ్ళ దాకా బురదలో వంగి పారబోస్తూ కూడా మల్లవ్వ మొహం వెలిగిపోతూనే ఉంది. "ఈడనే గింత పడితె ఊర్లె ఎంత పడ్డదో! మన సెలక భూమి నిండి ఉంటది" అంది. శ్యామలమ్మ గుండె మీది బరువు కొంచెం దిగింది. తను నీళ్ళు పొయ్యకపోయినా వాన ఆగలేదు కదా అనుకుంది. ఇక అత్త సంతోషంగా ఊరికి పోతుంది, ఆ గేటు సంగతి అలాగే సమసిపోతుందని ఆశపడింది. మల్లవ్వ సంచి కూడా సర్దుకుంది, ఊరినుంచి ఎవరైనా వస్తే పొలం కబురు విని బస్సెక్కుదామని.

వచ్చినవాడు ఉప్పలయ్య. మల్లవ్వకు మరిది వరస, ఊళ్ళో పదిమందికి మాట చెప్పే మనిషి. ఆదివారం పొద్దున ఉప్పల్‌లో దిగి, సంచి భుజాన వేసుకుని నడిచి వచ్చాడు. దుర్గమ్మ వాకిట్లో కూర్చోబెట్టి ఊరివాళ్ళంతా చుట్టూ చేరారు.

"ఎంత పడ్డది చిన్నాయినా వాన?" అని బిక్షపతి ఆత్రంగా అడిగాడు.

ఉప్పలయ్య మెడలోని తువ్వాలు తీసి దులిపాడు. ఎర్రటి దుమ్ము లేచింది. పక్కనున్నవాళ్ళు దగ్గారు.

"గిదీ పడ్డది" అన్నాడు. "ఘట్‌కేసర్ దాటినంక సినుకు లేదు. మొలక మాడింది, దున్ని పారేసిన్రు. నిన్న అంగట్ల ఎడ్లను గొట్టుకపోయి అమ్ముకున్నరు సగం మంది. నేను గూడ అమ్మిన. కూలికొచ్చిన ఈడికి, ఏడనన్న పని జూడున్రి." అప్పుడు గోడల మీద బురద చారలు ఆయన కంటపడ్డాయి. "ఈడ గింత కొట్టిందా వాన?"

ఎవరో కప్పతల్లి సంగతి చెప్పారు. ఉప్పలయ్య ముందు నవ్వాడు. తర్వాత విషయం లోపలికి దిగినట్టుంది, నవ్వు ఆగిపోయింది.

"ఏందే వొదినా, కప్పతల్లిని ఈడ ఆడినవా? ఈడ అడిగితె ఈడ పడ్తది గని ఇప్పలగూడెంల పడ్తదా? మన ఊరి వాన దెచ్చి పట్నపోళ్ళ మోరీల పోసినవు గదనే!"

గంగాధరరావు గారు అక్కడ ఉంటే ఈ మాటకు నవ్వి, వాన ఎందుకు ఎక్కడ పడుతుందో ఒక గంట చెప్పేవారేమో. ఆ వాకిట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎడ్లు పోయిన మనిషికి ఎవరో ఒకరి మీద కోపం రావాలి. వాన మీద కోపం తెచ్చుకుంటే అది ఎదురుగా వచ్చి నిలబడదు, మల్లవ్వ ఎదురుగా ఉంది. "వద్దంటె ఇన్లే" అంది ఒకామె. "మాకెందుకు పట్నంల కప్పతల్లి అని నేనప్పుడే అన్న" అంది రోకలి వెనక అందరికన్నా పెద్దగా పాడిన ఎల్లవ్వ.

మల్లవ్వ తల వంచుకుంది. ఆమె ఒక్కసారిగా ముసలిదైపోయినట్టు కనిపించింది. "నిజమేనేమో" అంది మెల్లగా. "నాకు తోచలే. ఇగ ఏ మొకం బెట్టుకోని పోవాలె ఊర్లెకు?"

శ్యామలమ్మ లేచి నిలబడింది. భర్త వద్దన్నట్టు చూశాడు కానీ ఆమె చూడలేదు. అత్త ఊరికంతా దోషి అయిపోతుంటే తను నోరు మూసుకుంటే ఆ గేటు దగ్గర చేసింది రెండోసారి చేసినట్టే.

"అత్త తప్పేం లేదు మామా" అంది. "ఈడ ఆడినందుకు గాదు. కాలనీల కప్ప మీద నీళ్ళు పడలే, అందుకు. గేటు కాడికి వొచ్చి అడిగిన్రు. బక్కెట్ల నీళ్ళున్నయి, చెంబుండె. ఆట తెలిసిన మనిషే ఉండె ఆడ. పొయ్యలే. గా ఇంట్ల గిన్నెలు..."

"నువ్వు కూసో పిల్లా" అంది మల్లవ్వ.

గొంతు పెద్దగా లేదు కానీ అందరూ ఆమె వైపు తిరిగారు. "ఇది ఆడ ఉన్నదా, సూసిందా? ఎవలో జెప్తె ఇన్నది, గంతే. గేటు కాడికి వొచ్చినామె ఎవలో పట్నపామె. తెల్లగ, పొడుగ్గ ఉండె. నేను కండ్లార సూసిన గద. ఆమెకేం తెలుసు మన ఆట? పాపం బియ్యమన్న ఏసింది." దుర్గమ్మ నోరు తెరవబోయింది. మల్లవ్వ ఆమె వైపు ఒక చూపు చూసింది, దుర్గమ్మ నోరు మూసుకుంది. ఆ రోజు వెంట నడిచిన మిగతా ఆడవాళ్ళూ తమ గుట్టు తలచుకుని తలలు దించుకున్నారు. "మా కోడలు గా యాల కంపెనీల ఉండె. దానికేం ఎరుక. తప్పు నాదే ఉప్పలయ్యా. వాన దెచ్చి మోరీల పోసింది నేనే. ఊర్లె గూడ నేనే జెప్పుకుంట."

ఆ మనిషిని నేనే అని శ్యామలమ్మ అరవాలనుకుంది. అరిస్తే ఊరి ముందు అత్త అబద్ధాలమారి అవుతుంది. అరవకపోతే ఆ బరువంతా అత్త మీదే ఉండిపోతుంది. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆ రోజు గేటు దగ్గర తను అత్తను ఎరగనని అంది. ఇవాళ అత్త పదిమంది ముందూ నిలబడి ఆ గేటు దగ్గరున్నది తన కోడలే కాదంటోంది. తను తన పరువు కోసం అంది. అత్త కూడా కోడలి పరువు కోసమే అంటోంది. ఇంత సిగ్గు శ్యామలమ్మ ఆ బూడిద చేతులతో కూడా పడలేదు.

"కూసో అన్న గదనే" అంది మల్లవ్వ మళ్ళీ, ఈసారి మెత్తగా.

శ్యామలమ్మ కూర్చుంది. మల్లవ్వ లేచి, సర్దిపెట్టుకున్న సంచి తీసుకుని, ఊరికి పోయే బస్సు కోసం ఉప్పల్ వైపు ఒక్కతే నడిచింది.